మూగపుటలు పలికిన పేరు

శరత్కాల సాయంసమయమున మేఘావరణవిముక్తమైన గగనమండలము నిర్మలగౌతమీజలముల ప్రతిఫలించుచుండగా ధవళేశ్వరపు రేవునకు మరలివచ్చు పడవల తెడ్లచప్పుడు వినుచు కొత్తలంక సాంబమూర్తి తన కంప్యూటరు ముందు గూర్చుండియుండెను. బాల్యముననే చూపు గోల్పోయియు రేవురేవునకు దిరిగి పడవవాండ్ర పాటలను గంఠస్థము చేసిన యా వృద్ధుడు చెప్పుచుండగా వానినన్నిటిని వ్రాసిపెట్టినవాడు బాల్యమిత్రుడగు పెనుమాక గవర్రాజు. గ్రంథము మఱునాడచ్చునకు బోవలసియుండెను. ప్రతిసాయంకాలమును గవర్రాజు మొదటిపుట చదివి యిరువురి పేర్లును వినిపించుచుండ సాంబమూర్తి మురిసిపోవుచుండెను.

గవర్రాజు పంపిన ప్రతియో పుటలన్నియు బొమ్మలు. అక్షరములను బైకి జదువు కంప్యూటరు బొమ్మలయెదుట మూగవోవును. అట్టి బొమ్మలనుండి యక్షరములను వెలికిదీయు ఉచిత సాఫ్ట్‌వేరొకటి కలదని యంధుల సంఘమువారు నేర్పియుండిరి. స్నేహితుడు ప్రేమతో జదువును. ప్రేమయెఱుగని కంఠమునుండియు దన పేరొకసారి వినవలెనని ముదుసలికి బసివాని యుబలాటము కలిగెను.

యంత్రము పలికెను: "కూర్పు, పెనుమాక గవర్రాజు."

వత్తులను మ్రింగుట యా సాఫ్ట్‌వేరున కలవాటే గనుక నొక పంక్తిని గూడ మ్రింగెను గాబోలునని మరల నడిపించెను. మరల నదియే. తన పేరుకై పుస్తకమంతయు వెదకింపగా తుదిపుటలో నొక్కచోట దొరకెను: "పాటలు పాడి వినిపించిన గ్రుడ్డి సాంబడికి కృతజ్ఞతలు."

నమ్మించి గొంతుకోయుట యనగా నిదియే. సాంబమూర్తికి గోపముకంటె ముందు సిగ్గువేసెను. ఇన్నాళ్లును వానియెదుటనే గదా మురిసితినని కుమిలిపోయెను. బొమ్మలుగా బంపుటలోని యుపాయమును నప్పుడే బోధపడెను. అయినను, చదువునప్పుడు వాని గొంతొక్కింత వణకినచో క్షమింతునని నిశ్చయించుకొనెను.

గవర్రాజు వచ్చెను.

"ఒరేయ్, మొదటి పేజీ ఇంకోసారి చదవరా."

"కూర్పు, కొత్తలంక సాంబమూర్తి, పెనుమాక గవర్రాజు. ఎన్నిసార్లు వింటావురా? నీ పేరు అరిగిపోతుంది!" అని గవర్రాజు పకపక నవ్వెను.

ఆ గొంతు వణకలేదు. నిన్నటివలెనే తియ్యగా, నిండుగా, ఆప్యాయముగా నుండెను.

చూపులేనివానికి గొంతుకయే ముఖము. ఆ ముఖమును జీవితమంతయు నెఱిగితిననుకొనిన సాంబమూర్తి యా సాయంకాలమున నిజముగా గ్రుడ్డివాడయ్యెను.