రాజీ చాయ్

రషీద్ పెండ్లాం సకీనా బావిని అడ్డం పెట్టుకుని కాలనీవాళ్ళ దగ్గర పైసలు గుంజాలని చూస్తోందని పక్కింటి దుర్గాబాయి అన్నదట. ఆ మాటను సత్తమ్మ మోసుకొచ్చి, అత్వెల్లి రోడ్డు మీది నల్లా దగ్గర సకీనా ముందే దించింది. "నేను గాదమ్మా, దుర్గాబాయి అన్నది. నాకెందుకు గీ లొల్లి" అని కూడా అన్నది, తన బిందెను ముందుకు జరుపుకుంటూ.

సకీనా తన బిందె ఎత్తుకుంది. తెల్లారినప్పటి నుంచి ఇంటికీ బర్రెలకూ నీళ్ళు మోస్తూనే ఉంది. రెండు వేల మూడు ఎండాకాలం. ఇంటి వెనక, పుదీనా మడుల మధ్య, ఆమె మామ తవ్వించిన బావి ఉంది. అందులో నీళ్ళకు కొదవ లేదు. కిందటి వానాకాలం నుంచి పక్కన లేచిన కొత్త కాలనీ మురుగు కూడా అందులోకే దిగుతోంది. ఆ నీళ్ళు పారిన పుదీనాను మేడ్చల్ అంగట్లో బేరగాళ్ళు వాసన చూసి కింద పడేసి పోయారు. ఇంటిని నడిపేది ఆ పుదీనాయే.

ఎండ ముదిరే వేళకు, సకీనా మొరపెట్టుకున్న ఈ తగాదా తెంపడానికి, పెద్దమనుషులు ఆమె వాకిట్లో కూర్చున్నారు. మధ్యవర్తి గౌరయ్య. ఊళ్ళో ఏ తగాదానైనా ఆయనే తెంపుతాడు. పక్క చేలను ప్లాట్లు చేసినప్పుడు రెండు వైపులా కమీషన్ తీసుకుని అమ్మించిందీ ఆయనే. కాలనీ తరఫున వెంకటరామయ్య వచ్చాడు. బ్యాంకు గుమాస్తా, గుంటూరు మనిషి.

"చూడమ్మా, మేమూ లోను పెట్టి కట్టుకున్నవాళ్ళమే" అన్నాడతను. "డ్రైనేజీ వేయిస్తామని చెప్పే ప్లాట్లు అమ్మారు. డబ్బులు ముట్టాక మళ్ళీ కనపళ్ళేదు. మేం మాత్రం ఏం చేస్తాం చెప్పు?"

సకీనా గౌరయ్య వైపు చూసింది. ఆయన తువ్వాలతో మెడ తుడుచుకున్నాడు.

"పాత ముచ్చట్లు ఎందుకు సారూ. ఇద్దరికి నష్టం గాకుండ చెప్త. కాలువ ఇగ బాయిల పడది. బాయి పక్కపొంటి గుంత తవ్వి దాంట్లకు మలుపుదాం. జాగ రషీదుది, తవ్వకం ఖర్సు కాలనోళ్ళది. చెరి సగం. ఏమంటవ్ రషీదూ?"

రషీద్ నేల చూస్తూ తలూపాడు. కాలనీ గేటు దగ్గర వాచ్‌మన్ పని ఇప్పిస్తానని ముందురోజే గౌరయ్య అతనికి మాటిచ్చాడు. పుదీనా పోయిన ఇంటికి ఇక ఆ జీతమే దిక్కని అతని భయం.

"గుంత నిండితె నీళ్ళు యాడికి వోతయి పటేలా?" అని అడిగింది సకీనా.

"నేలల ఇంకుతయి."

"ఇంకి యాడికి వోతయి?"

ఎవరో దగ్గారు. సకీనా వెంకటరామయ్య వైపు తిరిగింది. "గా గుంతేదో మీ పార్కు జాగల తవ్వుకోరాదు సారూ?"

"పిల్లలు ఆడుకునే చోటమ్మా అది."

"మా బర్లు తాగే చోటు గిది."

"చుప్ రహో," రషీద్ గొంతు తగ్గించి అన్నాడు. "పెద్దమనుషులు జెప్పిన్రు గద."

గౌరయ్య నవ్వాడు. "ఆడోళ్ళ సవాళ్ళకు జవాబు చెప్పుకుంట కూసుంటె పొద్దు గుంకుతది. మొగోడు ఒప్పుకున్నడు, రాజీ అయిపోయింది. ఇగ చాయ్ వెట్టు బిడ్డా."

అది ఆ ఊరి రివాజు. ఎవరు మొరపెట్టుకున్నారో వాళ్ళింట్లోనే అందరూ చాయ్ తాగాలి. తాగితే మాట ఖాయం. ఆ తర్వాత ఠాణాకు పోతానన్నా, కోర్టుకు పోతానన్నా, "చాయ్ పోసినవ్ గద" అని నోరు మూయిస్తారు. గౌరయ్య తెంపిన తగాదాలన్నీ ఓడినవాళ్ళ చక్కెరతోనే ముగిశాయి.

సకీనా లేచి లోపలికి పోయింది. గిన్నెల చప్పుడు వినపడగానే రషీద్ ఊపిరి వదిలాడు. వెంకటరామయ్య గడియారం చూసుకుని, తనకు చక్కెర తక్కువ వెయ్యమని చెప్పించాడు.

ఆమె గిన్నె, చాయ్‌పత్తి డబ్బా, చక్కెర, పాలు ఒక్కొక్కటే తెచ్చి గడప మీద పెట్టింది. తర్వాత ఇంటి వెనక్కి పోయి చేదతాడు, బొక్కెన తెచ్చింది. వాటిని గౌరయ్య కాళ్ళ ముందు పెట్టింది.

"అన్నీ ఉన్నయి. నీళ్ళే లెవ్వు. బాయి ఆడ్నే ఉంది, తోడుకరా పటేలా. వెడ్త."

గౌరయ్య కాళ్ళు వెనక్కి తీసుకున్నాడు. ఇంటి వెనక, బావిలోకి కాలువ పడుతున్న చప్పుడు వాకిట్లోకి వినిపిస్తోంది.