నిద్రమొహం

తల్లిని ఎడమ పక్కకు ఒత్తిగిలించి, వీపు కింద నలిగిన దుప్పటిని లాగుతూ ఉండగానే ఆమెకు కునుకు పట్టింది. నిలబడే నిద్రపోయింది. రెండు చేతులూ తల్లి భుజం మీద ఉన్నాయి, నుదురు గోడకు ఆనింది. మణికట్టుకు కట్టుకున్న పేలిక ఒక్క గుంజు గుంజేసరికి ఉలిక్కిపడి కళ్లు తెరిచింది.

"గోడతో ఏం చెబుతున్నావే అంత రహస్యం?" అంది తల్లి.

"ఏం లేదమ్మా."

"నీకంటే గోడ నయం. నిలబెడితే నిలబడుతుంది."

పాత చీర అంచు చింపి చేసిన పేలిక అది. ఒక కొస తల్లి కుడి మణికట్టుకు, రెండో కొస కూతురి ఎడమ మణికట్టుకు ఉంటుంది. తల్లి మంచం మీద, కూతురు పక్కనే నేల మీద చాప వేసుకుని. తల్లికి కాళ్లు పడిపోయినప్పటి నుంచి రాత్రుళ్లు ఇలాగే గడుస్తున్నాయి. ఒక్కసారి లాగితే మంచినీళ్లు. రెండుసార్లు లాగితే పక్కకు తిప్పాలి. అదేపనిగా లాగితే ఊపిరాడడం లేదని; లేపి కూర్చోబెట్టి వీపు రాయాలి. తిట్టడానికి ఆ గొంతు ఖంగుమని పలుకుతుంది గానీ, సాయానికి పిలవడం మాత్రం ఆవిడకు నామోషీ. పిలిస్తే ఎవరినో బతిమాలినట్టు ఉంటుందట.

అన్నిటికంటే ఎక్కువగా ఏమీ అక్కర్లేకుండానే లాగేది.

"ఏంటమ్మా?"

"ఏం లేదు. ఉన్నావో పోయావో అని."

మొదట్లో కూతురు తన కొసను గుప్పిట్లో పట్టుకుని పడుకునేది. పోయిన వారం నిద్రలో గుప్పిలి వదులైంది. తల్లి లాగింది, పేలిక ఊరికే వచ్చేసింది, దాంతోపాటు తల్లీ మంచం మీద నుంచి దొర్లి కింద పడింది. కనుబొమ్మ చిట్లింది. తమ్ముడు వచ్చి చూసి, ఆస్పత్రుల్లో వాడే మంచం తెద్దామన్నాడు. కూతురు ఆ రోజు నుంచి పేలికను మణికట్టుకు ముడి వేసుకుంటోంది.

ఇవాళ మధ్యాహ్నం ఆ మంచం చూడడానికి వెళ్లాలి.

"ఎత్తుది తేవద్దు," అంది తల్లి, పాలలో నానిన రొట్టె మింగుతూ. "కిందికి చూస్తే నువ్వు కనబడాలి." ఆ మాట మెత్తగా వచ్చిందని తనకే అనుమానం కలిగినట్టుంది. వెంటనే, "కనబడకపోతే నిద్రపోతావు," అని ముగించింది.

పక్కింటావిడను కాస్త చూస్తూ ఉండమని చెప్పి ఆమె పనికి బయలుదేరింది.

చిన్నప్పుడు ఆమె నిజంగానే బాగా నిద్రపోయేది. పెళ్లిచూపులకు మొదటిసారి ఎవరో వచ్చినప్పుడు తల్లి నవ్వుతూ, "మా అమ్మాయికి ఏ వంకా లేదండీ, నిద్రొక్కటే. ఇల్లు తగలబడినా లేవదు," అంది. వచ్చినవాళ్లు పడీపడీ నవ్వారు. నవ్వి వెళ్లినవాళ్లు మళ్లీ రాలేదు. రెండోసారి వచ్చినవాళ్ల ముందూ తల్లి ఆ మాటే అంది. మూడోసారీ అంది. ఒకసారి నవ్వు తెప్పించిన మాటను వదులుకోవడం ఆవిడకు చేతకాదు.

ఆమె పనిచేసేది పెద్ద లాడ్జి వెనకనున్న లాండ్రీలో. ఉతికిన దుప్పట్లను తడితడిగా వేడి రోలర్ కిందికి అందించాలి. అవతలి నుంచి వచ్చినదాన్ని ఇద్దరు చెరో కొసా పట్టుకుని ఎదురెదురుగా నడిచి మడత పెట్టాలి. ఎవరెవరో ఒళ్లు తెలియకుండా పడుకుని లేచిన దుప్పట్లు పొద్దస్తమానం ఆమె చేతుల మీదుగా పోతుంటాయి. ఆ వేడికి, ఆ తెల్లదనానికి రెప్పలు వాలేవి. మోచేతి కింద సన్నటి కాలిన గీతలు ఒకదాని పక్కన ఒకటి ఉన్నాయి. ఒక్కో గీతా ఒక్కో కునుకు.

"నిద్రమొహం, చెయ్యి జాగ్రత్త," అని మేస్త్రీ అరిచాడు. అక్కడ ఆమెకు అదే పేరు. జీతం ఇచ్చేటప్పుడు కూడా అలాగే పిలుస్తాడు, ఆమె అలాగే పలుకుతుంది.

సగం పూట సెలవు అడిగితే, "ఇంటికెళ్లి పడుకోవడానికేగా," అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. ఆమె కూడా నవ్వింది.

మంచాల దుకాణంలో తమ్ముడు, మరదలు అప్పటికే వచ్చి ఉన్నారు. చక్రాల కుర్చీలు, ఊతకర్రలు దాటుకుని లోపలికి వెళితే, పక్కపక్కన రెండు మంచాలు. ఒకటి నేలకు జానెడు ఎత్తులో ఉంది, పక్కలకు ఏమీ లేదు. రెండోది నడుమెత్తు ఉంది, రెండు వైపులా స్టీలు కమ్మీలు.

"కిందకుండేది పాతరకమండీ," అన్నాడు దుకాణం ఆయన. "ఇది చూడండి." ఎత్తు మంచం కమ్మీని రెండు చేతులా పట్టుకుని ఊపాడు. "ఎంత ఊపినా చప్పుడు రాదు. కీళ్ల దగ్గర రబ్బరు వేశారు. ఇంట్లోవాళ్ల నిద్ర చెడదు."

"మాకు కిందకుండేదే కావాలండీ," అంది ఆమె.

"మళ్లీ పడితేనో?" అన్నాడు తమ్ముడు.

"వదిన నిద్రపోతుంటే ఏ ఎత్తైతేనేం లెండి," అంది మరదలు.

ఇంతలో దుకాణం ఆయన పెద్దావిడ ఎంత పొడుగుంటుందని అడిగాడు. మా అక్కంతే ఉంటుందన్నాడు తమ్ముడు.

"అయితే ఒకసారి మీరు పడుకోండమ్మా. కాళ్లు సరిపోతాయో లేదో చూద్దాం."

చెప్పులు విడిచి, చీర కుచ్చిళ్లు సర్దుకుని, పరుపు మాస్తుందేమోనని భయపడుతూ ఆ ఎత్తు మంచం మీద పడుకుంది. ఆయన మీట నొక్కాడు. తల కింది భాగం మెల్లగా పైకి లేచింది. కిందకుండేదే ఇవ్వండి అని ఇంకోసారి గట్టిగా చెప్పాలి అనుకుంటూ, ముందు కాస్త కళ్లు మూసుకుంది.

లేచేసరికి రెండు వైపులా కమ్మీలు ఎత్తి ఉన్నాయి. బయట ఎండ వాలిపోయింది. పెదవి చివర చొంగ కారింది. మరదలు ఫోను పట్టుకుని నవ్వు ఆపుకుంటోంది.

"పడిపోతారని కమ్మీలు ఎత్తానమ్మా," అన్నాడు దుకాణం ఆయన.

"ఇదే అద్దెకు ఖాయం చేశానక్కా," అన్నాడు తమ్ముడు. "నీకే ఇంత నిద్ర పట్టిందంటే అమ్మకు పట్టదా?"

"కిందకుండేది..."

"మీరు పడుకున్నది చూపుకి ఉంచిందమ్మా. మీ మంచం బండి ఎక్కించేశారు."

ఇంట్లో మంచం బిగించి, తల్లిని నలుగురు కలిసి ఎత్తి పడుకోబెట్టారు. ఆవిడ కమ్మీలను అటూ ఇటూ చూసింది.

"ఏంట్రా ఇది, కోళ్లగంపా? అమ్మేస్తావా నన్ను?"

"నీకు బాగుంటుందని అక్కే చూసిందమ్మా," అన్నాడు కొడుకు.

తల్లి కూతురి వైపు చాలాసేపు చూసింది. మరదలు ఫోను తెచ్చి ముందు పెట్టింది. కమ్మీల మధ్య నోరు తెరుచుకుని నిద్రపోతున్న కూతురి ఫొటో. తల్లి దగ్గు వచ్చేదాకా నవ్వింది. "చెప్పలా? ఇల్లు తగలబడినా లేవదు."

వాళ్లు వెళ్లబోయే ముందు కూతురు మంచం పక్కన చాప పరిచి, పేలిక అందుకుంది. కమ్మీ మీదుగా వేస్తే చాప దాకా రాలేదు.

"ఎక్కడున్నావే?" అంది పైనుంచి తల్లి.

"ఇక్కడే అమ్మా. కిందే."

"కనబడవే."

"ఆ కొస కమ్మీకి కట్టెయ్యక్కా," అన్నాడు తమ్ముడు గుమ్మంలో చెప్పులు తొడుక్కుంటూ.

"అమ్మ లాగితే?"

"లాగనీ. గట్టిగా కట్టుంటే పడిపోదుగా."

పేలిక దేనికోసమో తమ్ముడికి ఇన్నాళ్లూ తెలియనే తెలియదని ఆమెకు అప్పుడు అర్థమైంది. తల్లి పడిపోకుండా కట్టి ఉంచుతున్నారనుకున్నాడు. చెబుదామని నోరు తెరిస్తే ఆవలింత వచ్చింది. తమ్ముడు వెళ్లిపోయాడు.

ఇంకో చీర చింపి పొడుగు చెయ్యాలి. పెట్టె తీయాలి, పాత చీర వెతకాలి. పాలగిన్నె కడిగి వచ్చేదాకా ఉంటుందిలే అని కొసను కమ్మీకి ముడి వేసింది. గిన్నె కడిగింది. తడి చేతులు ఆరేదాకా అనుకుని చాప మీద నడుం వాల్చింది.

ఎండ మొహాన పడి మెలకువ వచ్చింది. ఒళ్లు దూదిలా తేలిగ్గా ఉంది. తలనొప్పి లేదు, కళ్ల మంట లేదు. చిన్నపిల్లలా ఆకలేసింది. ఎందుకింత హాయిగా ఉందో తెలియక కాసేపు అలాగే పడుకుని, తర్వాత ఎడమ చెయ్యి ఎత్తి చూసుకుంది. మణికట్టు బోసిగా ఉంది.

తల్లి నడుము నుంచి పైభాగమంతా కమ్మీ వైపుకు తిరిగి ఉంది. కళ్లు కిందికి, చాప ఉన్న వైపుకి, తెరిచే ఉన్నాయి. పేలిక మణికట్టులో దిగబడి చుట్టూ చర్మం కమిలింది. కమ్మీ మీద ముడి చింతగింజంత అయింది. ఆమె రెండు చేతులా కమ్మీని పట్టుకుని ఊపింది. చప్పుడు రాలేదు.

అప్పుడు ఉచ్చులోంచి తల్లి చేతిని మెల్లగా తప్పించి, దుప్పటి సరిచేసింది.

"నిద్రలోనే పోయింది," అని తమ్ముడు వచ్చినవాళ్లందరికీ చెప్పాడు. అదృష్టవంతురాలన్నారు. మరదలు నిజంగానే ఏడ్చింది. ఏడుపు మధ్యలో, "వదినకి నిద్ర ఎక్కువని అత్తయ్య ఊరికే అనేవారు కాదు," అంది.

తల్లిని తీసుకెళ్లాక, సాయంత్రం కాకముందే దుకాణం మనుషులు మంచం కోసం వచ్చారు. ఇంకెవరో ముసలాయన కోసం తొందరపెడుతున్నారట. కమ్మీ మీది ముడిని ఒకడు గోటితో లాగి చూశాడు, ఇంకొకడు స్క్రూడ్రైవరు దూర్చి చూశాడు.

"ఎవరు వేశారమ్మా ఇది, ఇంత గట్టిగా?"

"నేనే," అంది ఆమె.

ముడి ఊడక, పేలికను బ్లేడుతో కోశారు. ముడి కమ్మీతోనే బండెక్కి పోయింది. గదిలో మంచం ఉన్న చోటు ఖాళీ అయ్యాక ఆమె చాప మీదికి వచ్చి పడుకుంది, కళ్లు మూసుకుంది. నిద్ర రాలేదు. పక్కనే పడి ఉన్న పేలిక చివర ఉచ్చు, చెయ్యి లేకపోయినా, ఇంకా గుండ్రంగానే ఉంది.