పాటొక్కటే గుర్తుంది

ఆఫీసులో అందరూ ఆమెను ప్రశ్నలమ్మ అనేవారు. ప్రకటనలు టీవీకెక్కే ముందు కొందరిని కూర్చోబెట్టి చూపించి, ఏం గుర్తుందో అడిగి తెలుసుకోవడం ఆమె ఉద్యోగం.

ఆ నెల కీళ్లనొప్పుల మాత్ర వంతు. ఒక తాతగారు చకచకా మెట్లెక్కుతాడు, మనవరాలు చప్పట్లు కొడుతుంది, వెనక హుషారైన పాట. ఆ పాట చాటున ఒక గొంతు గబగబా చెప్పేస్తుంది: కడుపులో రక్తస్రావం కావచ్చు, విరేచనం నల్లగా అయితే మాత్ర ఆపి డాక్టరును కలవాలి. ఒక్కసారి చూసినవాళ్లు ఆ సంగతి చెప్పగలిగారు. పదేపదే చూసినవాళ్లకు మాత్రం మెట్లూ మనవరాలూ కళ్లకు కట్టినట్టున్నాయి, రక్తం ఊసే లేదు. "ప్రమాదమా? అలాంటిదేం చెప్పలేదే!" అని ఒకావిడ ఎదురు దబాయించింది కూడా.

ఈ మాట మేనేజరుకు చెబితే ఆయన ముఖం వెలిగిపోయింది. "ఇంకేం! ఇంకా ఎక్కువసార్లు వేయిద్దాం."

ప్రశ్నలమ్మకు ఒళ్లు మండింది, అయినా వెళ్లి తర్వాతి ప్రకటన పని చూసుకుంది.

ప్రకటన టీవీకెక్కిన కొన్నాళ్లకు ఆమె అక్క వంటింట్లో కళ్లు తిరిగి పడిపోయింది. కడుపులో పుండు పడి రక్తం పోతోందన్నాడు ఆస్పత్రి డాక్టరు. అక్క చేతిసంచిలో అదే మాత్ర.

"నల్లగా అయితే ఆపెయ్యమని టీవీలో చెప్పారు కదక్కా!"

"ఎక్కడ చెప్పారే? రోజూ చూస్తూనే ఉన్నాగా. తిన్నదేదో పడలేదనుకున్నా." అంత నీరసంలోనూ పాట మాత్రం పొల్లుపోకుండా పాడింది.

మర్నాడు ప్రశ్నలమ్మ తలుపు తట్టకుండానే మేనేజరు గదిలోకి వెళ్లింది. "ఈ ప్రకటన అందరికంటే ఎక్కువసార్లు చూసింది మీరే. ప్రమాదాలేంటో చెప్పండి సార్."

"అదే... కళ్లు తిరగడం... అయినా మనమేం దాచలేదు కదమ్మా. చెప్పాంగా."

"చెప్పారు. పాప చప్పట్లు కొడుతుండగా చెప్పారు. మా అక్కకి చప్పట్లే వినపడ్డాయి. అలా అవుతుందని మీకు ముందే తెలుసు. నేనే చెప్పాను!"

"ఆవేశపడకు. అంతా రూలు ప్రకారమే..."

"తగలెయ్యండి మీ రూలు!"

ఆ మాటతో ఉద్యోగం ఊడింది.

సాయంత్రం వార్డులో అడుగుపెట్టేసరికి గోడమీది టీవీలో ఆ తాతగారు మెట్లెక్కుతున్నాడు. పక్క మంచం మీది పెద్దావిడ వేళ్లతో తాళం వేస్తోంది. ప్రశ్నలమ్మ టీవీ కట్టేసి వార్డు మధ్యలో నిలబడింది.

"వాళ్లు గబగబా చెప్పింది నేను నిదానంగా చెబుతా, కాస్త వినండి."

"ఏంటీ గోల?" అంటూ నర్సు పరిగెత్తుకొచ్చింది. ప్రశ్నలమ్మ ఆపలేదు. అంతా చెప్పాక పెద్దావిడ దిండు కిందనుంచి మాత్రల అట్ట తీసింది.

"ఇవేనా తల్లీ?"

నర్సు చప్పున ఆ అట్ట లాక్కుంది. "ఇవెవరు వేసుకోమన్నారు మీకు?"

"రోజూ చెబుతున్నారుగా," అంది పెద్దావిడ, ఆరిపోయిన టీవీ వైపు చూపిస్తూ.