ముందు కుండ

నా నోరు పెద్దదని ఊళ్లో అందరూ అంటారు. అననీ. ఈ నోరే లేకపోతే మా ఆయన లబుటిక్‌లో, అదే మా కొట్లో, ఉప్పూ పప్పూ కొనే దిక్కుండేది కాదు. అయితే ఇంగ్లీషు దొరల జెండా దిగి మన దీవి జెండా ఎక్కిన ఏడాది, ఒక పూట ఈ నోటిని కట్టేసుకోవాల్సి వచ్చింది.

మహేబోర్గ్ పట్నానికి ఇవతల ఏటి ఒడ్డున మా ఊరు. అమ్మోరి పండగనాడు ఇద్దరు ఆడవాళ్లు ఏరు దాటి, అవతలి ఊటలో నీళ్లు ముంచి, పసుపు కలిపి నెత్తిన పెట్టుకుని గుడికి తేవాలి. గుడి చేరేదాకా కుండ మీంచి చేతులు తీయకూడదు, నోరు విప్పకూడదు. మాట జారితే నీళ్లు పారబోసి మళ్లీ ముంచుకోవాలి. ఈలోగా వెనక కుండ ముందు కుండైపోతుంది. నా కూతురు చిన్నమ్మకి అమ్మోరు పోసినప్పుడు, పిల్ల దక్కితే ముందు కుండ నేనే మోస్తానని మొక్కుకున్నాను. పిల్ల దక్కింది. ఇక నోరు కట్టుకోవడమే నా వంతు.

వెనక కుండ మా తోటికోడలు పైడమ్మది. బట్టలుతికే బండ దగ్గర మాటామాటా పెరిగి మూడేళ్లుగా మాకు మాటల్లేవు. బండ ముందు పట్టుకున్నది నేనే.

బయలుదేరుతుంటే పూజారి సన్యాసి మావయ్య నవ్వాడు. "వెంకటమ్మా, పైడమ్మతో ఎలాగూ మాట్లాడవు. దారిలో కాకులతో మాట్లాడకుండా ఉంటే చాలు."

నాకు ఒళ్లు మండింది. ఖాళీ కుండ చంకనెట్టుకుని ఏటి వైపు నడిచాను.

ఊరంతా చెరకు తోట అవతల డప్పులతో కాచుకుని ఉంది. ఊట నుంచి మేమిద్దరమే వస్తున్నాం. ఏటికి అడ్డంగా పేర్చిన రాళ్ల మీద నేను ముందు దాటాను. చివరి రాయి నా కాలి కింద కదిలి పక్కకి ఒరిగింది. ఆ పక్కనే లోతైన మడుగు. ఒడ్డెక్కి తిరిగి చూస్తే, పైడమ్మ కుండ ఒరగకుండా తలెత్తుకుని సరిగ్గా ఆ రాయి మీదే కాలు పెట్టబోతోంది. ఆవిడకి ఈత రాదు. చేత్తో ఆపుదామంటే రెండు చేతులూ కుండ మీదే ఉన్నాయి. చిన్నమ్మ ముఖం కళ్ల ముందు మెదిలింది.

"అక్కా, ఆ రాయి వద్దు. కదులుతోంది."

పైడమ్మ ఆగింది. పక్క రాయి మీదుగా ఒడ్డెక్కింది. నాకు ఏడుపొచ్చింది. కుండ దించి నీళ్లు పారబోశాను.

"వెళ్లక్కా. ఇక నీదే ముందు కుండ."

ఆవిడ కదల్లేదు. తన కుండ కూడా దించి ఏట్లోకి వంచేసింది.

"చిన్నమ్మ నాకు మాత్రం కూతురు కాదా? అను అలే, పోదాం పద. మళ్లీ ముంచుకుందాం."

కుండ ఎత్తేదాకా నియమం లేదు కదా. ఊట దగ్గర కూర్చుని మాట్లాడుకున్నాం. బండ ముందు పట్టుకున్నది తనేనట. పోనీలే అన్నాను. ముందు కుండతో నేను గుడి చేరేసరికి మధ్యాహ్నం దాటింది.