ఒకటో నంబరు జాక్

పెద్ద బేస్, అదే మనిషెత్తు ఫిడేలు లాంటి వాయిద్యం, గుమ్మంలోంచి నేరుగా రాదు. మెడ ముందు రావాలి, పొట్ట పక్కకి తిరగాలి, ఆ తర్వాత దాన్ని పట్టుకున్న మనిషి రావాలి. అక్క అలా లోపలికి వచ్చేసరికి నా షాపులో ఉన్న చోటంతా అయిపోయింది. నేను స్టూలు వెనక్కి జరుపుకుని గోడకి ఆనుకున్నాను.

"దీనికి కొత్త పికప్ వెయ్యి," అంది. "నీ దగ్గరున్న వాటిలో మంచిది. గురువారం మధ్యాహ్నంలోపు."

ఆ రోజు మంగళవారం.

ఆవిడ నాకు బంధువేమీ కాదు. ఆవిడని అందరూ అక్క అనే పిలుస్తారు, నేనూ అంతే. ఆవిడ తమ్ముడు గిటార్ వాయిస్తాడు, తమ్ముడి భార్య పాడుతుంది, ఆ భార్య తమ్ముడు అందరి శబ్దాన్నీ కలిపి స్పీకర్లకి పంపే మిక్సర్ దగ్గర కూర్చుని కీబోర్డు కూడా వాయిస్తాడు. హోటల్ మేడ మీది హాల్లో వారానికి ఐదు సాయంత్రాలు వాళ్ళ పాట. నా పని వాయిద్యాలకి వైర్లు, వాటి మోతని పట్టి వైరులోకి పంపే పికప్పులు వెయ్యడం, పాడైన యాంప్లిఫయర్లు బాగుచెయ్యడం.

"ఉన్నదానికేమైందక్కా?"

"అది తెలిస్తే ఇంత బరువు మోసుకుని నీ దగ్గరికి ఎందుకొస్తాను? కొత్త మిక్సర్ వచ్చిన దగ్గర్నుంచీ ఇంతే. నాలుగు నెలలయింది. రేకు డబ్బాలో గులకరాళ్ళు వేసి ఊపినట్టుంటోంది. గురువారం మేనేజరు విని తేలుస్తాడట, నేను ఉండాలా, నా స్వరాలు కూడా కీబోర్డు మీద ఆ అబ్బాయే ఎడమ చేత్తో వాయించెయ్యాలా అని."

"మీ తమ్ముడేమంటున్నారు?"

"ఆడలేక మద్దెల ఓడు అంటున్నాడు. నా వేళ్ళు ముసలివయ్యాయట." చేతులు చాపి చూపించింది. వేళ్ళ కొసలు చెప్పు తోలులా ఉన్నాయి. "వాడికి తీగ బిగించడం నేర్పిన వేళ్ళివి. అవే ఇప్పుడు పనికిరానివయ్యాయి."

నా దగ్గర మూడు రకాలున్నాయి. మొదటిది తీగల కింద క్లిప్పుతో పట్టే చిన్న మైకు. షాపులో విన్నవాళ్ళంతా దాన్నే కావాలంటారు, చెక్క శబ్దం చెక్కలాగే వినిపిస్తుంది కాబట్టి. కానీ స్టేజి మీద అది పక్కవాళ్ళ శబ్దం కూడా వింటుంది, స్పీకరులోంచి వచ్చే తన శబ్దాన్ని తనే వింటుంది.

"అది చూశాం," అంది అక్క. "రెండో పాటకే కుక్కలా ఊళ పెట్టింది. మరదలు చెవులు మూసుకుని స్టేజి దిగిపోయింది, నేనే ఊళ పెట్టినట్టు నాకేసి చూస్తూ."

రెండోది అయస్కాంతంతో పనిచేసేది. దానికి ఉక్కు తీగలుండాలి. అక్కవి గొర్రె పేగుతో చేసిన తీగలు, అవి మోగినా దానికి తెలియదు. మూడోది, తీగలని మోసే బ్రిడ్జి రెక్కల సందులో ఇరికించే పల్చటి బిళ్ళలు. చెక్క అదిరితే వాటికి తెలుస్తుంది. అక్క బేస్‌కి ఇప్పటికే ఉన్నవి అవే. బయటికి తీసి చూశాను. పగుళ్ళు లేవు, వైరు తెగలేదు. మళ్ళీ సందులో పెట్టి, నేను గిటార్లు పరీక్షించే చిన్న యాంప్లిఫయరుకి తగిలించాను.

"ఒక్క స్వరం వాయించండక్కా. అన్నిటికంటే కిందది."

ఆవిడ వాయించింది. షెల్ఫు మీద మరలు వేసుకున్న గాజు సీసా దానంతటదే అంచు దాకా జరిగింది. పట్టుకున్నాను.

ఆవిడ మళ్ళీ వాయించింది, ఈసారి మరీ మెల్లగా. గోడకి ఆనించిన నా వీపుకి తెలిసింది.

"ఇక్కడ మోగుతోంది," అంది. ముఖంలో సంతోషం లేదు. దవడ బిగిసింది. "ఇవే వేళ్ళు. ఇదే వైరు. ఇక్కడ మోగింది అక్కడెందుకు మోగదు?"

"చూడందే చెప్పలేను. ఇదివరకు నేరుగా మిక్సర్‌కే పెట్టేవారా?"

"మధ్యలో ఇనప పెట్టె ఒకటుండేది. సబ్బు పెట్టంత ఉంటుంది. కొత్త మిక్సర్ వచ్చాక గుయ్ మంటోందని మా ఇంజినీరు తీసేశాడు."

ఇంజినీరంటే మరదలి తమ్ముడే. ఏ కాలేజీ అని అడగకూడదు. మిక్సర్ కొన్నప్పుడు దాంతోపాటు వచ్చిన పుస్తకం చదివాడు, అదీ సగం.

ఆ పెట్టె నా కింది అరలో ఉంది. నాలుగు నెలల కిందట అతనే తెచ్చి, "ఇందులో పార్టులు పనికొస్తే వాడుకో," అని బల్ల మీద పడేసి పోయాడు. ఎవరిదని నేను అడగలేదు. ఇప్పుడు ఆ మాట నోటిదాకా వచ్చింది, కానీ అది పనిచేస్తుందో లేదో చూడకుండా ఆశ పెట్టడమెందుకనుకున్నాను. "గురువారం నేనూ వస్తాను," అన్నాను అంతే.

అక్క వెళ్ళాక పెట్టె విప్పాను. ఒక టంకం ఊడింది, గుయ్ మనడం దానివల్లే. అతికించి, తొమ్మిది వోల్టుల బ్యాటరీ కొత్తది వేశాను. ఆ బిళ్ళల్లో పుట్టే కరెంటు చాలా పల్చన. మిక్సర్‌లో వైరు గుచ్చే మామూలు జాక్‌కి నేరుగా పెడితే అది దాన్ని తాగేస్తుంది, ముందు లోతు పోతుంది, మిగిలేది గులకరాళ్ళే. గిటార్ల కోసం చేసింది కాబట్టి నా యాంప్లిఫయరు అలా తాగదు; మధ్యలో పెట్టె ఉంటే మిక్సర్ని కూడా తాగనివ్వకుండా కాపలా కాస్తుంది. తమ్ముడి గిటార్ మోగుతోందంటే దాని పొట్టలో ఇలాంటిదే ఒకటి, బ్యాటరీతో సహా, ముందే బిగించి ఉంటుంది. బయటికి కనపడదు.

గురువారం పదకొండు గంటలకి హాల్లో బల్లల మీద కుర్చీలు బోర్లించి ఉన్నాయి. నేనూ అక్కా బేస్‌ని మెట్లెక్కించేసరికి తమ్ముడు స్టేజి మీదనుంచి చూస్తున్నాడు కానీ దిగి రాలేదు.

"బీరువా వచ్చింది, దారివ్వండి," అన్నాడు.

"గోడకి గీరుకోకుండా వదినా," అంది మరదలు. "మొన్నే రంగేయించారు."

"గోడ మీదున్న శ్రద్ధలో పావలా వంతు నా మీదుంటే, ఇంకొకరి చెయ్యి పడేది," అంది అక్క.

ఇంజినీరు మిక్సర్‌ని పసుపుపచ్చ గుడ్డతో తుడుస్తున్నాడు. నన్ను చూసి నవ్వాడు. "ఓహో, డాక్టరుని తెచ్చుకున్నారా వదినగారూ? రోగం వేళ్ళకైతే డాక్టరేం చేస్తుంది?"

"వేళ్ళకి కాదండీ," అన్నాను.

"చూడమ్మా. మిక్సర్ ఒకటే. వైరు ఒకటే కంపెనీది. బావ గిటార్ గంటలా మోగుతోంది, ఈవిడది మోగడం లేదు. చిన్న పిల్లాడినడిగినా చెబుతాడు తప్పెవరిదో."

నేను మిక్సర్ వంక చూశాను. ఒకటో నంబరు జాక్‌లో గిటార్ వైరుంది. దాని పక్కన గోరంత బటన్, దాని మీద గిటార్ బొమ్మ, లోపల వెలుగుతున్న ఆకుపచ్చ దీపం. అలాంటి బటన్ ఆ ఒక్క జాక్‌కే ఉంది. రెండోదాంట్లో మరదలి మైకు, మూడోదాంట్లో కీబోర్డు. నాలుగోదాంట్లో బేస్.

"ఈ బటన్ ఎందుకండీ?"

"గిటార్ బొమ్మ కనపడుతోందిగా. గిటార్‌కి."

"బ్యాటరీ లేని గిటార్‌కండీ. ఇది నొక్కి ఉంటే జాక్ కరెంటుని తాగెయ్యదు. మీ బావగారిదాంట్లో బ్యాటరీ ఉంది, దానికి ఏ జాక్ అయినా ఒకటే. బేస్‌కి లేదు. దానికిదే కావాలి." రెండు వైర్ల మీదా వేలు పెట్టి చూపించాను. "ఈ రెండు వైర్లూ అటుదిటు మారిస్తే చాలు."

ఇంజినీరు గుడ్డ మడతపెట్టాడు. బావ వంక చూశాడు.

"ఒకటో నంబరు నాది," అన్నాడు తమ్ముడు.

"మోతలో ఏం తేడా రాదండీ."

"నేను మోత గురించి మాట్లాడట్లేదు. ఒకటి బృందం నడిపేవాడిది. నాన్న ఉన్నన్నాళ్ళూ నాన్నది. ఇప్పుడు నాది. నిన్నగాక మొన్నొచ్చి మరమ్మతుల పిల్ల మార్చమంటే మార్చేస్తానా?"

"నాన్న పోయేనాటికి పెద్దదాన్ని నేను," అంది అక్క. "ఆ రోజు ఒకటి ఎవరికి రావాలో నువ్వెవరినైనా అడిగావా? నువ్వే వెళ్ళి గుచ్చుకున్నావు. చిన్నవాడివి కదా అని ఊరుకున్నాను."

"చూశావా, ఎక్కడుంది అసలు బాధ!" తమ్ముడు భార్యకేసి తిరిగాడు. "వైర్లూ బటన్లూ అంతా నాటకం."

"అందరూ పల్లకీ ఎక్కితే మోసేవాళ్ళెవరు వదినా?" అంది మరదలు, చాలా మెత్తగా.

"మోస్తున్నది నేనే తల్లీ. ఊగుతున్నది మీరు."

అప్పుడు మేనేజరు వచ్చాడు. బల్ల మీది కుర్చీ ఒకటి దింపుకుని కూర్చున్నాడు. గ్లాసులో అంచుదాకా నీళ్ళు పోయించుకుని ఎదురుగా పెట్టుకున్నాడు. "నాకు సంగీతం రాదు. నీళ్ళు కదిలితే బేస్ ఉన్నట్టు, కదలకపోతే లేనట్టు. కానివ్వండి."

అక్క వాయించింది. నాలుగో నంబరు జాక్‌లోంచి గులకరాళ్ళు దొర్లాయి. స్వరం తప్పలేదు, తాళం తప్పలేదు, అయినా నీళ్ళు అద్దంలా ఉన్నాయి. మేనేజరు తల అడ్డంగా ఆడించాడు. ఇంజినీరు కీబోర్డు మీద ఎడమ చెయ్యి వేశాడు. గ్లాసులో గుండ్రంగా గీతలు లేచాయి.

"మరింకేం," అన్నాడు మేనేజరు లేవబోతూ.

"అక్క బాధపడకూడదు," అన్నాడు తమ్ముడు, మేనేజరుకి వినపడేలా. "ఇంట్లో కూర్చుని పాఠాలు చెప్పుకోవచ్చు. వయసయ్యాక అదే గౌరవం."

నా సంచిలో చెయ్యి పెట్టాను. పెట్టె చేతికి తగిలింది. నేను దాన్ని బయటికి తీసేలోపే అక్క బేస్‌ని గోడకి ఆనించి, మిక్సర్ దగ్గరికి నడిచింది. ఎవరినీ అడగలేదు. ఒకటోదాంట్లోంచి గిటార్ వైరు పీకింది. స్పీకర్లు రెండూ పిడుగు పడ్డట్టు ధడేల్ మన్నాయి. మేనేజరు ఉలిక్కిపడి గ్లాసుకి తగిలాడు, ఒళ్ళో సగం నీళ్ళు పడ్డాయి.

"స్పీకర్లు పోతాయి! ఏం మనిషి మీరు!" ఇంజినీరు అరిచాడు.

"పోనీ," అని నాలుగోది కూడా పీకి, దాన్ని ఒకటోదాంట్లో గుచ్చబోయింది. ఆలోపే నేను పరిగెత్తి శబ్దం పెంచే ఒకటో మీట మొత్తం దించేశాను, లేకపోతే ఈసారి నిజంగానే పోయేవి. ఆవిడ వైరు గుచ్చి, వెనక్కి వెళ్ళి బేస్ మెడని భుజానికి ఆనించుకుంది. మీట మెల్లగా పైకి తోశాను.

మంగళవారం నా షాపులో వాయించిన స్వరమే. హాలు పెద్దది కాబట్టి ఈసారి చోటు దొరికింది. బోర్లించిన కుర్చీలు బల్లల మీద గడగడలాడాయి. మేనేజరు గ్లాసులో మిగిలిన సగం నీళ్ళు గీతలు కట్టడం కాదు, ఎగిరి బల్ల మీద పడ్డాయి. ఆయన తడి ప్యాంటు సంగతి మర్చిపోయి బల్ల మీద అరచెయ్యి ఆనించి ఉంచాడు.

"ఇన్నాళ్ళూ దీన్ని ఎక్కడ దాచారు?" అన్నాడు.

అక్క తమ్ముడి వంక చూడలేదు, వేళ్ళ వంక చూసుకుంది.

"గిటార్ కూడా వినిపించండి."

నాలుగోదాంట్లో పెట్టడానికి తమ్ముడు కదల్లేదు. చివరికి నేనే పెట్టాను. అతను నాలుగు తీగలు మీటాడు. గంటలాగే మోగింది. ముందెలా మోగిందో అలాగే.

"ఏం తేడా లేదు," అన్నాడు మేనేజరు. "ఇలాగే ఉంచండి. అందరూ ఉండాలి. సాయంత్రం ఏడుకి." గ్లాసు పట్టుకుని వెళ్ళిపోయాడు.

ఆయన మెట్లు దిగిన చప్పుడు ఆగాక తమ్ముడు గొంతు సవరించుకున్నాడు. "సరే. నీ వేళ్ళు బాగానే ఉన్నాయి. ఒప్పుకున్నాను. ఇప్పుడు నా ఒకటి నాకివ్వు."

"ఇంకేదైనా దారి ఉందేమో..." ఇంజినీరు నా వంక చూశాడు. ఇందాకటి నవ్వు లేదు.

ఉంది. పెట్టె తీసి మిక్సర్ పక్కన పెట్టాను. "ఇది మధ్యలో పెడితే నాలుగోదాంట్లో కూడా బేస్ ఇలాగే మోగుతుంది. బాగుచేశాను."

తమ్ముడి భుజాలు దిగాయి. "ఇంకేం మరి! ముందే చెప్పొచ్చుగా. పెట్టు నాలుగులో."

అక్క దగ్గరికొచ్చి పెట్టెని చేతిలోకి తీసుకుంది. మూల మీది సొట్టని బొటనవేలితో రాసింది.

"ఇది నీ దగ్గరికెప్పుడొచ్చింది?"

"నాలుగు నెలలైంది," అన్నాను.

"మంగళవారం నేను దీని గురించే చెబుతుంటే నీ షాపులోనే ఉందా?"

"ఉందక్కా."

నోట్లో నాలుక లేని పిల్లనని నన్ను చిన్నప్పుడు మెచ్చుకునేవాళ్ళు. అది మెచ్చుకోవలసిన సంగతి కాదని ఆ హాల్లో తెలిసింది. ఆవిడ ఆ మంగళవారం, బుధవారం రెండు రాత్రులు ఏమనుకుంటూ పడుకుని ఉంటుందో నేను ఆలోచించలేదు.

పెట్టె నా చేతిలో పెట్టింది. "సంచిలో పెట్టుకో."

"పనిచేస్తుందక్కా."

"తెలుసు. అందుకే." తమ్ముడి వైపు తిరిగింది. "నాలుగు నెలలు నాలుగోదాంట్లో నేను వాయించాను. ఇక నువ్వు వాయించు. నీకు తగ్గేదేమీ లేదుగా, మేనేజరే చెప్పాడు."

"అక్కా, నలుగురిలో పరువు..."

"జాక్ నంబరు ఎవరికి కనపడుతుందిరా, ఆ నలుగురికి? మనకి తప్ప."

మరదలు ఏదో అనబోయింది. మొగుడు చెయ్యెత్తి ఆపాడు. వెళ్ళి తన కుర్చీని స్టేజికి అటు చివరకి జరుపుకుని, అక్కకి వీపు పెట్టి కూర్చున్నాడు.

నన్ను ఉండమనీ పొమ్మనీ ఎవరూ అనలేదు. సంచి భుజాన వేసుకున్నాను. వెనక అక్క "మొదటి పాట" అనడం వినిపించింది. బేస్ మొదలైంది.

దిగుతుంటే మెట్ల ఇనప కమ్మీ నా చేతి కింద సన్నగా వణుకుతోంది. కింది మెట్టు దాకా అలాగే పట్టుకుని దిగాను. గిటార్ ఇంకా మొదలవలేదు.