ఒక్క పిడి పెట్టె

మా ఆయనకి చెవులు పోయాయి. పూర్తిగా పోలేదు. లావు గొంతులు వినపడతాయి, లారీ వినపడుతుంది, నేను అరిస్తే వినపడుతుంది. సన్నటి చప్పుళ్ళే అందవు. ఫోను మోగితే వినపడదు, తలుపు గంట వినపడదు, మైకు కూస్తే అసలే వినపడదు. వంటవాడికి నాలుక పోతే గరిటె కింద పెట్టేస్తాడు. ఈయన మాత్రం తొమ్మిదేళ్ళుగా ఆ చెవులతోనే సభలకి మైకులు పెడుతున్నాడు. ఆ సంగతి ఆయన నాతో ఎప్పుడూ అనలేదు, నేనూ అడగలేదు. ఇరుగూపొరుగుకి తెలియదు, మా మరిదికి కూడా తెలియదు. బయటికి పొక్కితే మర్నాటి నుంచి ఒక్కరూ పిలవరు. చెవిటి మైకాయన్ని ఎవరు పిలుస్తారు? మా పొయ్యి వెలిగేది ఆ పనితోనే.

మావన్నీ చిన్న సభలు. అరవై కుర్చీలు, మహా అయితే వంద. పదవీ విరమణలు, సంతాప సభలు, బడి పిల్లల బహుమతులు, అపార్టుమెంటు వాళ్ళ వార్షిక పోట్లాటలు. పాటలూ గంతులూ ఉండవు, మాటలే. పని పద్ధతి ఒకటే. ఆయన ముందు మిషను దగ్గర నిలబడతాడు, నేను చిట్టచివరి వరసలో కూర్చుంటాను. నేను తల నిమురుకుంటే తగ్గించాలి, మెడ రుద్దుకుంటే పెంచాలి, చేతులు ఒళ్ళో పెట్టుకుంటే అంతా బాగున్నట్టు. "చివరి వరసకి అందుతోందో లేదో చూడ్డానికి ఒక మనిషి ఉండాలండీ" అని అందరికీ చెప్పేవాడు. ఎంత జాగ్రత్తపరుడో అని జనం మెచ్చుకునేవాళ్ళు. జాగ్రత్తా పాడూనా! అవి నా చెవులు.

పాత పెట్టెలు రెండూ ఒక్కొక్కటి ముప్ఫై కిలోలు. పెట్టెకి అటో పిడి, ఇటో పిడి. ఆ పిడి ఆయన, ఈ పిడి నేను. లిఫ్టు లేని మూడో అంతస్తు హాళ్ళకి కూడా అలాగే ఎక్కించాం. ఎక్కించీ ఎక్కించీ నా నడుము పట్టేసింది. డాక్టరమ్మ ఎక్స్‌రే వెలుతురుకి పట్టి చూసి, "బకెట్టు నీళ్ళు కూడా ఎత్తొద్దు" అంది.

"తేలిక పెట్టె ఒకటి కొందాం" అన్నాడు ఆయన, ఇంటికి రాగానే. నా నడుము గురించి ఆలోచించాడని ముచ్చటపడ్డాను. పిచ్చి మొహాన్ని.

షాపు సన్నగా, పొడుగ్గా ఉంది. గోడలకి రెండు వైపులా పెట్టెలే. ఈయన తన సొంత మైకుని మేజోడులో చుట్టి తెచ్చుకున్నాడు, చంకలో ఆనాటి పేపరు. షాపాయన పాట పెట్టబోతే చెయ్యి అడ్డం పెట్టాడు.

"పాట వద్దండీ. పాటయితే ఏ డొక్కు పెట్టెలోనైనా బాగుంటుంది. మాట్లాడి చూడాలి."

అందులో మాత్రం ఆయనకి వంక పెట్టలేం. పేపరు తీసి వాతావరణం వార్త చదవడం మొదలుపెట్టాడు. నేను అలవాటు ప్రకారం తలుపు దగ్గరికి వెళ్ళి నిలబడ్డాను.

మొదట చూపించింది చక్రాల పెట్టె. మీద రంగురంగుల దీపాలు తిరుగుతున్నాయి. ఇరవై కిలోలట.

"లాక్కెళ్ళిపోవడమే సార్, బరువే తెలీదు" అన్నాడు షాపాయన.

"మెట్లు ఎక్కుతాయా చక్రాలు?" అన్నాడు ఈయన. "సంతాప సభలో ఆ దీపాలు వెలిగితే నన్ను కూడా పాతిపెడతారు."

నవ్వొచ్చింది నాకు. ఆ నోరే నచ్చి కదా చేసుకున్నాను.

రెండోది నిలువు స్తంభంలా ఉంది. మూడు ముక్కలుగా ఊడి సంచిలో పడుతుంది. మొత్తం పదకొండు కిలోలు. ఈయన వార్త చదువుతుంటే తలుపు దగ్గర నాకు ఎదురుగా నిలబడి మాట్లాడుతున్నట్టే వినిపించింది. మైకు దాని ముందు నుంచి తీసుకెళ్ళినా కూత రాలేదు. "ఇదేనండీ" అన్నాను అక్కడి నుంచే. ఆయన వినలేదో, విననట్టు ఊరుకున్నాడో.

మూడోది భుజానికి తగిలించుకునే పెట్టె. ఎనిమిది కిలోలు. లోపలే బ్యాటరీ, పైన ఒకే ఒక్క పిడి. ఈయన దాన్ని ఒంటిచేత్తో లేపి చిన్నపిల్లాడిలా మురిసిపోయాడు. మైకు పట్టుకుని పెట్టె ముందుకు వచ్చి చదువుతున్నాడు. గీ... అని సన్నగా కూత మొదలైంది. చెవిలో సూది పెట్టి తిప్పినట్టుంది. ఈయన మాత్రం తీరంలో ఓ మోస్తరు వర్షాలు అంటూ హాయిగా చదువుకుపోతున్నాడు.

"కూస్తోందండీ!" అన్నాను గట్టిగా.

"ఏదీ?" అన్నాడు. షాపాయన వైపు తిరిగాడు. "మీకు వినపడిందా?"

షాపాయనకి వినపడింది. కూత వచ్చినప్పుడు ఒక కన్ను చిట్లించాడు, నేను చూశాను. కానీ ఆ పెట్టె మీద దుమ్ము పొర చూస్తే ఎన్నాళ్ళుగా పడి ఉందో తెలుస్తూనే ఉంది.

"అబ్బే, లేదు సార్. మేడమ్ గారికి అలవాటు లేక అలా అనిపించి ఉంటుంది."

"స్తంభం తీసుకుందామండీ, నా మాట వినండి" అన్నాను.

ఆయన నా వైపు చూడలేదు. షాపాయనతో నవ్వుతూ అన్నాడు: "మా ఆవిడ మాటకేం లెండి. పాత పెట్టెకి రెండో పిడి ఉండేది కాబట్టి వెంట తెచ్చుకునేవాణ్ణి. దీనికి పిడి ఒకటే."

ఇద్దరూ నవ్వారు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఏరు దాటి తెప్ప తగలేసినట్టు, ఇంతేనా నేను? జ్వరంతో వెళ్ళి వెనక వరసలో కూర్చున్నాను. మా అమ్మ పోయిన వారానికే, ఎవరి సంతాప సభలోనో ఏడుపు దిగమింగుకుని తల నిమురుకున్నాను. ఆ నవ్వు మొహం మీదే చెప్పేయొచ్చు, నీకు చెవుడయ్యా అని. కడుపు చించుకుంటే కాళ్ళ మీదే కదా పడేది. పెట్టె ఆయన భుజాన వేసుకున్నాడు, నేను ఖాళీ చేతులతో వెనక నడిచాను. దారంతా మాట్లాడలేదు. మాట్లాడినా చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే కదా.

ఆ వచ్చిన బుధవారం ఆస్పత్రిలో సభ. ముప్ఫై నాలుగేళ్ళు పనిచేసిన నర్సమ్మ పదవీ విరమణ.

"నువ్వు రాకు. పడుకుని నడుముకి కాస్త విశ్రాంతి ఇవ్వు" అని వెళ్ళిపోయాడు.

నాకది కూడా పిడి మాటలాగే వినపడింది. అరగంట ఆగి బస్సెక్కాను. ఏం వెలగబెడతాడో చూద్దామనే వెళ్ళాను, అబద్ధం ఎందుకు.

ఆస్పత్రి భోజనాల గదిలో బల్లలు గోడకి జరిపి కుర్చీలు వేశారు. నేను చివరి వరసలో కూర్చోగానే ఈయన చూశాడు. కళ్ళజోడు సర్దుకుని, హమ్మయ్య అన్నట్టు భుజాలు కిందికి దించాడు. నేను మొహం తిప్పుకున్నాను.

ముందు మాట్లాడిన డాక్టర్లవి పెద్ద గొంతులు. ఇబ్బంది రాలేదు. తర్వాత నర్సమ్మ లేచింది. చేతిలో నాలుగు మడతల కాగితం. జీవితంలో మొదటిసారి మైకు పట్టుకున్న మనిషి. తనలో తనే చదువుకుంటున్నట్టు సన్నగా మొదలుపెట్టింది. వెనక నుంచి ఎవరో "వినపడట్లేదమ్మా" అన్నారు. ఆవిడ కంగారుపడి జనానికి దగ్గరగా, సరిగ్గా పెట్టె ముందుకు వచ్చి నిలబడింది. ఈయన మీట తిప్పి పెంచాడు.

కూత మొదలైంది. షాపులో విన్నది దీని ముందు ఏపాటి! ముందు వరసల్లో వాళ్ళు చేతులు ఎత్తి చెవులు మూసుకున్నారు.

మా పనిలో ఒక లెక్క ఉంది. జనం చెవి దగ్గర చెయ్యి పెట్టారంటే మాట అందడం లేదని అర్థం. ఈయన ఆ చేతులు చూశాడు. సరే సరే అన్నట్టు తలూపాడు. ఇంకా పెంచాడు.

చేతులు పెరిగాయి. మొత్తం హాలు చెవులు మూసుకుంది. ఈయన నవ్వుతూ ఇంకొంచెం పెంచి నా వైపు చూశాడు. నా చేతులు ఒళ్ళో ఉన్నాయి. తీయలేదు. పిడి లేనిదాన్ని కదా, నన్నెందుకు చూడటం అనుకున్నాను. దేవుడు నన్ను క్షమించడు గానీ, ఆ క్షణాన నాకు కడుపు చల్లబడింది.

నర్సమ్మ చదవడం ఆపేసింది. ఆ కాగితం ఎన్ని రాత్రులు కూర్చుని రాసుకుందో, దాంతోనే మొహం కప్పుకుంది. ఆస్పత్రి పెద్ద గుమాస్తా మొహం ఎర్రగా చేసుకుని లేచి వచ్చి మా ఆయన చొక్కా పట్టుకున్నాడు. "తాగొచ్చావా? బుద్ధుందా నీకు? ఆవిడ రోజంతా పాడు చేశావు కదయ్యా!"

అప్పుడు కదిలాను. నడుము సంగతి గుర్తు లేదు. కుర్చీలు తోసుకుంటూ వెళ్ళి మీట వెనక్కి తిప్పి తగ్గించాను, నర్సమ్మ చేతిలో మైకు లాక్కున్నాను. కూత ఆగిపోయింది. గుమాస్తా ఇంకా చొక్కా వదల్లేదు. "పొద్దున్నే తాగి పనికొచ్చే వెధవల్ని..." అంటున్నాడు.

"తాగలేదు!" అని అరిచాను. "ఆయన తాగడు. ఆయనకి చెవులు వినపడవు. తొమ్మిదేళ్ళయింది."

మైకు ఇంకా ఆన్‌లోనే ఉంది. చివరి వరస దాకా ప్రతి మాటా చక్కగా అందింది.

గుమాస్తా చెయ్యి జారిపోయింది. మా ఆయన నా నోటి వైపు చూశాడు, తర్వాత జనం వైపు చూశాడు. అప్పటిదాకా కోపంగా ఉన్న మొహాలన్నీ ఒక్కసారి మెత్తబడ్డాయి. ఎవరో అయ్యో అన్నారు. కోపమే నయం. జాలిపడిన మనిషి పనికి పిలవడు.

ఆయన నా చేతిలోంచి మైకు తీసుకుని ఆపాడు. జేబులోంచి మేజోడు తీసి అందులో దూర్చబోతే రెండుసార్లు పక్కకి పోయింది. నా చెవి దగ్గరికి వంగాడు. రహస్యంగా అంటున్నాననుకున్నాడు గానీ ఆ హాల్లో అందరికీ వినపడింది.

"నా చెవుల సంగతి నాకు తెలీదటే? నువ్వు వెనకాల కూర్చున్నావు కదా అనే పెంచాను."