సుమ్మా అల్లిన శాలువా

కోటిలింగం ధర కట్టలేని సరుకు లేదని రాయపురం అంతా ఒప్పుకుంటుంది. హోల్‌సేల్ పప్పుల వ్యాపారి. గుప్పెడు కందిపప్పు అరచేతిలో పోస్తే చాలు, ఏ ఊరి పంటో, ఎంతకు పోతుందో చెప్పేస్తాడు. అలాంటి మహానుభావుడి భార్య దమయంతి, తను అల్లిన ఉన్ని శాలువాకు ఎంత చెప్పాలో తెలియక తల పట్టుకు కూర్చుంది. దీపం కింద చీకటి అని ఊరికే అన్నారా!

మద్రాసులో ఉన్ని శాలువా ఎవరు కప్పుకుంటారని అడక్కండి. మార్గళి, అదే మన ధనుర్మాసం, వచ్చిందంటే ఈ ఊళ్లో ఫ్యాను ఫుల్లుగా పెట్టుకుని మరీ చెవులకు మఫ్లరు చుట్టుకుంటారు. ఇన్నాళ్లూ దమయంతి అల్లినవన్నీ చుట్టాలకే పోయాయి. ఎంత బాగుందో అన్నారు, ఇంకోటి అడిగారు, అంతే. ఒక్కటంటే ఒక్కటి, తను చెప్పిన ధరకు ఎవరైనా కొనుక్కోవాలని ఆమె కోరిక. అందుకే మైలాపూరులో చేతిపనుల సంత పెడుతున్నారని తెలిసి ఒక టేబుల్ తీసుకుంది.

ధర కట్టిపెట్టమని మొగుణ్ణే అడిగింది. ఆయన ఊలు ఖర్చు వేశాడు, సంచి ఖర్చు వేశాడు, ఆటో కూడా మర్చిపోలేదు. అంతా కలిపితే నాలుగొందలు దాటలేదు.

"మరి నా కూలి?" అంది దమయంతి.

"సుమ్మా కూర్చోనుండేటప్పుడు అల్లిందే గదా. సుమ్మాకి కూలేంది?" అన్నాడు కోటిలింగం.

ఈ సుమ్మా ఉంది చూశారూ, అరవంలో ఇది మన ఊరికేకు తోబుట్టువు. పనిలేకుండా అన్నా అదే, డబ్బు లేకుండా అన్నా అదే. ఆ ఇంట్లో తరతరాలుగా కాఫీతోపాటు నోట్లో నానుతున్న మాట. దమయంతికి ఒళ్లు మండింది. అట్టముక్క మీద పదిహేను వందలని తనే రాసుకుని సంతకు వెళ్లింది.

జనం బాగానే వచ్చారు. శాలువాను తడిమారు, చెంపకు ఆనించుకున్నారు, ఫోటోలు తీసుకున్నారు. ఒకావిడ అల్లిక నేర్పమంది, అదీ నిలబడ్డ చోటే. చివరికి మైత్రి అనే అమ్మాయి వచ్చింది. విజయవాడ నుంచి వచ్చి ఇక్కడ ఐటీలో పనిచేస్తోందట. చేతిపనికి వెల కట్టలేమంటూ చిన్న ఉపన్యాసమిచ్చి, పర్సు కూడా తీసింది. దమయంతి సంచి అందుకుంది. అప్పుడే ఆ పిల్ల, ఇంత పని ఎలా చేశారు ఆంటీ అని మెచ్చుకుంది. మెచ్చుకుంటే మెలికలు తిరిగే పాడు అలవాటు ఒకటుంది కదా మన ఆడవాళ్లకు!

"ఏముందిలేమ్మా, సుమ్మా కూర్చోలేక అల్లినా" అంది దమయంతి.

పర్సు మూసుకుపోయింది. ఊరికే కూర్చుని అల్లినదానికి ఇంత రేటేంటాంటీ, ఐదొందలకు ఇచ్చేయండి అంది మైత్రి. దమయంతి ఇవ్వలేదు. మొగుడి మాటే తన నోట్లోంచి ఊడిపడినందుకు నాలుక కరుచుకుని, శాలువా సంచిలో కుక్కుకుని ఇంటికొచ్చింది.

ఇంట్లో హాల్లో తిరువేంగడం ఉన్నాడు. ఊళ్లో నాలుగైదు మెస్సులున్న ఆసామి, కోటిలింగానికి పెద్ద ఖాతా. దమయంతి కాఫీ కలిపి తెచ్చేలోగా కోటిలింగం సంచిలోంచి శాలువా లాగి, ఆయన భుజాల మీద కప్పేశాడు.

"మా ఇంటామె సుమ్మా అల్లింది. ఉంచుకోండి సార్."

దమయంతి కాఫీ గ్లాసు బల్ల మీద పెట్టింది. శాలువా పదిహేను వందలంది. తిరువేంగడం దాన్ని తియ్యబోయాడు. కోటిలింగం నవ్వి, సుమ్మా అల్లినదానికి బేరమేందే అన్నాడు.

"నేనీ ఇంట్లో సుమ్మా కూర్చున్నది ఎప్పుడో చెప్పండి. ఆ పొద్దుకి కూలి తగ్గించుకుంటా" అంది దమయంతి.

కోటిలింగం లెక్కల మనిషి కాబట్టి నిజంగానే వెతికాడు. పొద్దున? కొట్టు కుర్రాళ్లకు టిఫిను. మధ్యాహ్నం? ఆయన కునుకు తీస్తుంటే ఫోన్లో ఆర్డర్లు రాసుకునేది ఈవిడే. సాయంత్రం టీవీ ముందు? అప్పుడు చేతిలో సూదులున్నాయి. ఎంత వెతికినా ఒక్క గంట దొరకలేదు. మొహం మాడింది. తిరువేంగడం కాఫీ చల్లారిపోతున్నా ముట్టుకోలేదు.

పైగా అది ఆమె మొదటి బేరం. బోణీ బేరం వెనక్కి పోకూడదని, అప్పు పెట్టకూడదని రోజూ పొద్దున్నే కొట్లో అరిచేది కోటిలింగమే. జేబులోంచి పదిహేను వందలు తీసి పెళ్లాం చేతిలో పెట్టాడు. ఆమె కళ్లకద్దుకుంది. కళ్లు చెమర్చాయి కూడా, అబద్ధమెందుకు.

తిరువేంగడం శాలువా సవరించుకుని, మా ఇంటామెకు కూడా ఒకటి కావాలమ్మా, ఎంతివ్వమంటారు అన్నాడు. దమయంతి నోరు తెరిచే లోపే కోటిలింగం అందుకున్నాడు.

"రెండు వేలు సార్. చేత్తో అల్లేదంటే సుమ్మానా?"